చర్మం కోయకుండా లోపలికి చూడటం

పిల్లలూ,

ఎండ పడుతున్న నీళ్లలోకి వంగి చూస్తే చేప కనిపించదు, ఆకాశం కనిపిస్తుంది. చేత్తో కాస్త నీడ పట్టండి. అడుగున ఉన్న రాయి కూడా కనిపిస్తుంది. చర్మం సంగతీ ఇంతే. దాని పైపొర మీద పడిన వెలుగులో కొంత తిరిగి మన కంట్లోనే పడుతుంది. ఆ మెరుపు లోపలున్నదాన్ని కప్పేస్తుంది.

ఆ మెరుపును తీసేసే పరికరమే డెర్మటోస్కోప్. అరచేతిలో పడుతుంది. మామూలుగా 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చుట్టూ చిన్న లైట్లు, పోలరైజింగ్ ఫిల్టర్లు. పైపొర నుంచే వెనక్కి వచ్చిన వెలుగును ఫిల్టర్ ఆపేస్తుంది, లోపల తిరిగి వచ్చినదాన్ని వదులుతుంది. ఫిల్టర్ లేని రకమైతే చర్మం మీద చుక్క జెల్ వేసి అద్దం ఆనిస్తారు.

పుట్టుమచ్చను దీంతో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పైన ఉంటే నల్లగా, కొంచెం కిందైతే గోధుమరంగులో, ఇంకా లోతుకు పోతే బూడిద నీలంగా కనిపిస్తుంది. పదార్థం ఒకటే, రంగు దాని లోతును చెబుతుంది!

ఇక గజ్జి. నేను డాక్టర్‌గా పనిచేసిన రోజుల్లో వేళ్ల సందుల్లో బ్లేడుతో గీకి, ఆ పొట్టును మైక్రోస్కోప్ కింద పెట్టేవాళ్లం. బ్లేడు చూడగానే పిల్లలు అమ్మ వెనక దాక్కునేవారు. గజ్జి తెచ్చే పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. డెర్మటోస్కోప్‌లో సన్నని తెల్లటి గీత చివర చిన్న గోధుమరంగు త్రికోణంలా కనిపిస్తుంది, ఆకాశంలో విమానం, వెనక దాని పొగచారలాగా. అది దొరికితే ఇక గీకక్కర్లేదు.

ఇంతకన్నా లోతుకు వెళ్లేది ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) అనే స్కానింగ్. కంటికి కనిపించని వెలుగుతో 1 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు పొరలు చూపిస్తుంది. చేత్తో పట్టుకునే రకాలూ వచ్చాయి.

నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. వైద్య పుస్తకాల్లో చాలాకాలంగా తెల్లటి చర్మం ఫొటోలే ఎక్కువ. వాళ్లకు ఎర్రగా కనిపించే వాపు నల్లటి చర్మంలో ఊదాగానో, ముదురు గోధుమగానో ఉంటుంది. తెల్లటి చర్మం ఫొటోలతోనే నేర్చుకున్న ఫోన్ యాప్ మనలాంటి వాళ్ల దగ్గర పొరబడొచ్చు. అందుకే యాప్ మాటతో ఆగిపోకండి, డాక్టర్‌కి చూపించండి.

మచ్చ క్యాన్సరేమోనన్న అనుమానం గట్టిగా ఉంటే ఆ చోట మత్తిచ్చి పరీక్షకు చిన్న ముక్క తీయక తప్పదు, టెన్షన్ పడకండి. అనుమానం కొద్దిగానే ఉంటే ఫొటో తీసి, కొన్నిసార్లు 3 నెలల తర్వాత మళ్లీ రమ్మంటారు. పాత ఫొటో పక్కన కొత్తది పెట్టి చూస్తున్నప్పుడు మీరూ తొంగి చూడండి. అడిగితే చూపిస్తారు.

మీ తాతయ్య