చైనా చదువుకు వెళ్లే ముస్లిం పిల్లలకు: అపోహలు - వాస్తవాలు

నేను చైనాలో చదివి వచ్చి, ఇప్పుడు అక్కడికి వెళ్లే పిల్లల అప్లికేషన్లు, వీసా కాగితాలు చూస్తున్నాను. గుంటూరు, కర్నూలు, పాతబస్తీ నుంచి వచ్చే ముస్లిం కుటుంబాలు ఫీజు కంటే ముందు అడిగేవి రెండే: తిండి ఎలా, నమాజు ఎలా. ఏజెంటేమో "ఏం ప్రాబ్లం లేదు భాయ్, అన్నీ ఉంటాయి" అంటాడు. యూట్యూబ్ చూసిన మామూ "అక్కడ మనవాళ్లను బతకనివ్వరు" అంటాడు. ఇద్దరి మాటా అలాగే నమ్మడానికి లేదు. పిల్లాడి రోజు ఎలా గడుస్తుందో తేల్చేది ఏ ఊరు, ఏ క్యాంపస్ అన్నదే, అది అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

అపోహ: హలాల్ తిండి దొరకదు, ఉన్నన్నేళ్లూ బ్రెడ్డూ గుడ్డే గతి.

చైనాలో హుయ్ అనే ముస్లిం జాతివాళ్లే కోటికి పైగా ఉన్నారు. హలాల్‌ను వాళ్లు చింగ్‌జెన్ అంటారు. దాదాపు ప్రతి ఊళ్లోనూ కనిపించే లాంజౌ నూడుల్స్ కొట్లను ఎక్కువగా నడిపేది చింగ్‌హై, గాన్సు ప్రాంతాల నుంచి వచ్చిన ముస్లింలే. తెల్లటోపీ పెట్టుకున్నాయన పిండి ముద్దను రెండు చేతులా సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి, మీ కళ్లముందే సన్నటి పోగులుగా చేసి మరిగే నీళ్లలో వేస్తాడు. తేటగా ఉండే బీఫ్ పులుసు, పల్చటి ముల్లంగి ముక్కలు, పైన ఎర్రటి మిరప నూనె, కొత్తిమీర. కారం మన నాలుకకు చాలదు గానీ టేబుల్ మీదే ఇంకో గిన్నెడు ఉంటుంది. అయితే బీఫ్ నూడుల్స్ అని బోర్డున్న ప్రతి కొట్టూ హలాల్ కాదు. అరబీ అక్షరాలు లేవని ప్రతిదీ హరామూ కాదు, ఎందుకంటే 2019లో బీజింగ్‌లోనూ మరికొన్ని చోట్లా బోర్డుల మీది అరబీ రాతలను తీయించేశారు. చింగ్‌జెన్ అని చైనీస్‌లో రాసే రెండక్షరాలను విమానం ఎక్కకముందే కళ్లతో గుర్తుపట్టడం నేర్చుకోండి, ఫోన్‌లో ఫొటో పెట్టుకోండి.

చాలా పెద్ద యూనివర్సిటీల్లో విడిగా చింగ్‌జెన్ క్యాంటీన్ ఉంటుంది, కొన్నిచోట్ల ఒక కౌంటరే ఉంటుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు. అందుకే ఏజెంటును "హలాల్ ఉందా" అని అడగకండి, ఉందనే అంటాడు. ఫొటోలు పంపమనండి. బోర్డు కనిపించాలి, తిన్న ప్లేట్లు తిరిగి పెట్టే చోటు కూడా కనిపించాలి. సరిగ్గా నడిచే చోట ప్లేట్లు, కడిగే తొట్టి అన్నీ వేరుగా ఉంటాయి, బయటి తిండి లోపలికి తేనివ్వరు.

అపోహ: అనుమానంగా ఉంటే కూరగాయలు తింటే సరిపోతుంది.

సరిపోదు. మామూలు హోటల్లో ఆకుకూరను కూడా పంది కొవ్వులో వేయించడం ఉంది, వంటలో వైన్ పోయడం మరీ మామూలు. మెనూలో ఏ మాంసమో చెప్పకుండా మాంసం అని మాత్రమే ఉంటే అది పందే అనుకోండి. "పంది వద్దు" అన్న ఒక్క ముక్క చైనీస్‌లో నేర్చుకుని వెళ్తే, వంటాయన ముక్కలు ఏరేసి అదే కూర పెడతాడు. కొవ్వు వద్దు, వైన్ వద్దు అని కూడా చెప్పగలగాలి.

ఇంటి నుంచి తీసుకెళ్దామంటే చికెన్ పచ్చడి, గోంగూర మటన్ రెండూ కుదరవు. మాంసం, పాల పదార్థాలు, గుడ్లు ఏ రూపంలోనూ తేకూడదని చైనా కస్టమ్స్ నిషేధం. మసాలా పొడులు కంపెనీ ప్యాకెట్లలో పెట్టుకోండి.

అపోహ: నమాజు చేస్తే దేశం నుంచి పంపించేస్తారు.

ఈ విషయంలో రాసిపెట్టిన రూలే ఉంది. 2017లో వచ్చిన విదేశీ విద్యార్థుల నిబంధనల ప్రకారం యూనివర్సిటీ మీ మత విశ్వాసాన్ని గౌరవించాలి, కానీ ప్రార్థనకు స్థలం ఇవ్వదు, క్యాంపస్‌లో మత ప్రచారం, మతపరమైన సమావేశాలు జరగకూడదు. మీ గదిలో మీరొక్కరే జానమాజ్ (నమాజు చాప) పరుచుకుని నమాజు చదువుకుంటే సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. అదే గదిలో పదిమంది చేరి జమాత్ (సామూహిక నమాజు) పెట్టినా, రంజాన్‌లో హాస్టల్ హాల్లో తరావీహ్ (రాత్రి నమాజు) మొదలుపెట్టినా యూనివర్సిటీ ఆఫీసు నుంచి కచ్చితంగా పిలుపొస్తుంది. తోటి చైనీస్ విద్యార్థికి దీన్ (మన మతం) గురించి చెబుదామని ఉత్సాహపడటం, వీచాట్ (చైనాలో వాట్సాప్ లాంటి యాప్) గ్రూపుల్లో బయాన్ (మత ప్రసంగాల) వీడియోలు పెట్టడం అసలు వద్దు. ఇంటర్నెట్‌లో మత సమాచారం మీద 2022 మార్చి నుంచి విడిగా నిబంధనలున్నాయి, విదేశీయుల విషయంలో ఇంకా కఠినం. మన దగ్గర ఇవి రోజూ చేసే పనులే కాబట్టి అక్కడ తప్పవుతాయని పిల్లలకు తోచదు, ముందే కూర్చోబెట్టి చెప్పాలి. ఖురాన్ యాప్ చైనాలో దొరక్కపోవచ్చు, 2021లో ఆపిల్ తన చైనా స్టోర్ నుంచి బాగా పేరున్న ఒక యాప్‌ను తీసేసింది. ఇక్కడే దించుకోండి, సొంతానికి ఒక ముస్‌హఫ్ (అచ్చు ఖురాన్) పెట్టుకోండి.

అపోహ: మసీదులన్నీ మూసేశారు.

షియాన్‌లోని పెద్ద మసీదు 742లో, బీజింగ్ న్యూజియే మసీదు 996లో మొదలయ్యాయని చెబుతారు. రెండూ ఇవాళ్టికీ ఉన్నాయి. వంపు పెంకుల కప్పులు, చెక్క స్తంభాలతో చూడ్డానికి చైనా గుడిలా ఉంటాయి, మొదట వెళ్లినవాళ్లు గేటు దగ్గరే తికమకపడతారు. ఈమధ్య ప్రభుత్వం చాలా మసీదుల గుమ్మటాలు తీయించి చైనా పద్ధతిలోకి మార్పించింది, అదీ నిజమే. హుయ్ ముస్లింలు ఎక్కువగా మన దగ్గరిలాగే హనఫీ పద్ధతి పాటించేవాళ్లే, కాబట్టి మన వైపు పిల్లలకు నమాజు పద్ధతి కొత్తగా ఉండదు. పాస్‌పోర్టు జేబులో ఉంచుకోండి, కొన్నిచోట్ల అడుగుతారు.

చైనా యూనివర్సిటీల్లో మధ్యాహ్నం బ్రేక్ చాలా పెద్దది, సుమారు పన్నెండు నుంచి రెండు దాకా. మసీదు మెట్రోలో అరగంట దూరంలో ఉంటే జుమా (శుక్రవారం నమాజు) దొరుకుతుంది, గంటన్నర దూరంలో ఉంటే దొరకదు. యూనివర్సిటీ ర్యాంకు చూసినంత శ్రద్ధగా మ్యాప్‌లో ఈ దూరం కూడా చూడండి.

అపోహ: ముస్లింలు ఎక్కువున్న, వాయవ్య చైనాలోని షింజియాంగ్ అయితే మనకు ఇంకా మంచిది.

ఇది ఏజెంట్లు అమ్మే మాట, నాకు ఒళ్లు మండే మాట. అక్కడ తిండికి లోటుండదు, నిజమే. కానీ మతం మీద ఆంక్షలు దేశం మొత్తంలో అత్యంత గట్టిగా ఉన్నది అక్కడే. 2022 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చిన నివేదిక, అక్కడి వీగర్ ముస్లింల నిర్బంధాలు మానవత్వంపై నేరాల కిందికి రావచ్చని చెప్పింది. చైనా దాన్ని ఒప్పుకోలేదు. రోజా ఉండనివ్వరు అంటూ మనం చదివే వార్తలు ఎక్కువగా ఆ ప్రాంతానివే. పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ణి నేనైతే అక్కడికి పంపను. షియాన్, లాంజౌ వైపు చూడండి.

అపోహ: రంజాన్‌లో రోజా ఉండటం కుదరదు.

షింజియాంగ్ బయట విదేశీ విద్యార్థి రోజాను ఎవరూ ఆపరు, సెలవు మాత్రం ఇవ్వరు. ఈద్ రోజు పరీక్ష పడినా పడొచ్చు. వచ్చే కొన్నేళ్లు రంజాన్ చలికాలంలోనే వస్తుంది కాబట్టి పగళ్లు చిన్నవే. చిక్కల్లా ఎక్కడంటే, 2027, 2028లలో అది చైనా కొత్త సంవత్సరం సెలవులతో కలిసి వస్తోంది. క్యాంటీన్ మూత, నూడుల్స్ కొట్టు నడిపే ముస్లింలలో చాలామంది కూడా సొంతూళ్లకు పోతారు. సెలవుల్లో ఇంటికి రాని పిల్లలు బియ్యం, పప్పు, ఖర్జూరాలు ముందే కొనిపెట్టుకోవాలి. హాస్టల్లో అందరికీ కలిపి వంటగది ఉందా, గదిలో రైస్ కుక్కర్ పెట్టనిస్తారా అన్నది అడ్మిషన్ ముందే కనుక్కోండి.

అపోహ: హలాల్ మెస్ ఉంది, మన పిల్లలు చాలామంది ఉన్నారు, ఇంకేం కావాలి.

ఎంబీబీఎస్ వాళ్లు దీనికే పడిపోతారు. 2021 నవంబరు నాటి ఎన్ఎంసీ (మన దేశ జాతీయ వైద్య కమిషన్) నిబంధనలు అడిగేవి వేరు: కనీసం 54 నెలల కోర్సు, ఇంగ్లిష్ మీడియం, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలోనే డాక్టరుగా రిజిస్టరయ్యే అర్హత. బీజింగ్‌లోని మన ఎంబసీ 2022లో చెప్పిన లెక్క ప్రకారం 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివిన 40,417 మంది ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు మన దేశంలో రాయాల్సిన పరీక్ష) రాస్తే పాసైంది 6,387 మందే. పాఠాలు ఇంగ్లిష్‌లో ఉన్నా పేషెంట్ మాట్లాడేది చైనీసే, అందుకే హెచ్ఎస్‌కే (చైనీస్ భాషా పరీక్ష) నాలుగో లెవెల్ దాకా భాష నేర్చుకోవాలి. ఫీజు కట్టే ముందు ఈ నిబంధనలన్నీ తీరుస్తున్నట్టు యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఏజెంటు లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది మీ ఫైల్లో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.