గేమ్ కవర్ ప్రింట్లు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో మాది డిజిటల్ ప్రింటింగ్ షాపు. పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులే అసలు గిరాకీ. మధ్యమధ్యలో పాత వీడియో గేమ్ డిస్కులు దాచుకునేవాళ్లు వస్తుంటారు. డిస్క్ బాగానే ఉంటుంది, కవర్ మాత్రం చెదలు తినో, వాన నీళ్లకు తడిసో పాడై ఉంటుంది. కొత్తది వేయించుకోవచ్చు. చిక్కేమిటంటే, చాలామంది పెళ్లి కార్డు లెక్కలే దీనికీ వేస్తారు.

అపోహ: పేపర్ ఎంత మందమైతే అంత రిచ్ లుక్

"గట్టి పేపర్ మీద కొట్టియ్యి అన్నా" అని అడగనివాళ్లు తక్కువ. పెళ్లి కార్డుకైతే 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు పేపర్ బరువు, గ్రాముల్లో) ఆర్ట్ కార్డ్ సరే. గేమ్ కవర్ మాత్రం డబ్బా చుట్టూ మడత పడి, ప్లాస్టిక్ తొడుగులోకి జారాలి. మందం కార్డు లోపలికి పోదు, పోయినా డబ్బా సరిగ్గా మూతపడదు. పైగా మడత దగ్గర టోనర్ (మా మెషిన్ వేసే రంగు పొడి) పగిలి తెల్లగీత కనిపిస్తుంది. 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ చాలు. 170 దాటితే నేనే వద్దంటాను. పేపర్ గ్రెయిన్ (పీచు సాగే దిశ) కూడా మడత వెంబడే ఉండేలా షీటు పెట్టమని అడగండి. అడ్డంగా ఉంటే పల్చటి పేపర్ కూడా పగులుతుంది.

అపోహ: ఏ4లో పడుతుంది, ప్రింట్ ఇస్తే అయిపోయింది

పడుతుంది, నిజమే. పీఎస్2 (ప్లేస్టేషన్ 2) గేములు వచ్చే డీవీడీ డబ్బా కవర్ 273 × 183 మిల్లీమీటర్లు, ఏ4 షీటు 297 × 210. కొంప ముంచేది ప్రింట్ సెట్టింగుల్లోని 'ఫిట్ టు పేజ్'. అది 3 శాతం కుదించినా వెడల్పులో 8 మిల్లీమీటర్లు పోతాయి. అట్ట వెన్ను, అంటే షెల్ఫ్‌లో నిలబెడితే కనిపించే సన్న పట్టీ, వెడల్పే 14 మిల్లీమీటర్లు. ఇక గేమ్ పేరు వెన్ను మీద మధ్యలో ఎక్కడ నిలబడుతుంది? 'యాక్చువల్ సైజ్' లేదా 100 శాతం పెట్టి, ముందు మామూలు జిరాక్స్ పేపర్ మీద ఒకటి తీసి డబ్బాలో పెట్టి చూసుకోండి.

అన్ని డబ్బాలూ ఒకటే అనుకోవద్దు. పీఎస్3 డబ్బా ఎత్తు తక్కువ. పీఎస్1ది సీడీ డబ్బా: వెనక కాగితం రెండు వెన్నులతో కలిపి 151 × 118. నెట్‌లో దొరికిన కొలత కన్నా మీ డబ్బా మీద పెట్టిన స్కేలును నమ్మండి.

అపోహ: బొమ్మను 300 డీపీఐకి మారిస్తే క్లారిటీ వస్తుంది

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క. అంకె మారుతుంది, బొమ్మ మారదు. డీవీడీ కవర్‌కు 300 డీపీఐ అంటే సుమారు 3224 × 2161 పిక్సెల్స్ కావాలి. 800 పిక్సెల్స్ వెడల్పున్న బొమ్మ తెస్తే అది అసలు సైజులో 75 డీపీఐ కూడా రాదు. ముందువైపు హీరో బొమ్మ ఎలాగో నెట్టుకొస్తాడు, వెనకవైపు సన్న అక్షరాలే అలుక్కుపోతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఇంకా నలుగుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

స్నేహితుడి దగ్గర అసలు కవర్ ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. ఫోన్‌తో ఫొటో తీయకుండా ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అసలు కవర్లు వేసే ఆఫ్‌సెట్ (పెద్ద ప్రెస్సు) ప్రింటంతా సన్న చుక్కలే. ఆ చుక్కల మీద మా మెషిన్ మళ్లీ చుక్కలు వేస్తే అలలు అలలుగా గళ్లు కనిపిస్తాయి. అందుకే స్కాన్‌లో ఆ చుక్కల్ని చెరిపే 'డీస్క్రీన్' ఆన్ చేసి, తర్వాత 300కి దించాలి. ఈ ఒక్క పనిలో సగం నాణ్యత ఉంది, ఎవరూ చేయించుకోరు.

అపోహ: ఫోన్‌లో కనిపించిన రంగే వస్తుంది

రాదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, మాది నాలుగు రంగుల టోనర్. మెరిసే ఆకుపచ్చ చప్పబడుతుంది, చిక్కటి నీలం వంగపండు రంగుకు తిరుగుతుంది. నేపథ్యమంతా నలుపైతే ఉత్త నలుపు బూడిదగా కనిపిస్తుంది, కింద కాస్త మిగతా రంగులు కలపమనండి. చిన్న అక్షరాలకు మాత్రం ఉత్త నలుపే మేలు.

అపోహ: లామినేషన్ చేస్తే ఎక్కువకాలం ఉంటుంది

పైన ప్లాస్టిక్ తొడుగు ఉండగా ఇంకో ప్లాస్టిక్ ఎందుకు? ఒకవైపే లామినేట్ చేసిన పేపర్ మన వానాకాలం తేమకు చుట్టుకుపోతుంది. ఇంక్‌జెట్ గ్లాసీ ఫొటో పేపర్‌తో ఇంకో తిప్పలు: ఉక్కపోతలో తొడుగుకు అంటుకుంటుంది. కిటికీ ఎండ పడే షెల్ఫ్ అయితే దాని రంగు కూడా వెలిసిపోతుంది.

అపోహ: కొత్త కవర్ వేస్తే ఒరిజినల్ రేటు వస్తుంది

భూతద్దం పెట్టి చూసేవాడికి నిమిషం పట్టదు. ఆఫ్‌సెట్ చుక్కల వరుస వేరు, టోనర్ చుక్కలు వేరు. పైగా ఆ బొమ్మ మీద కాపీరైట్ మీది కాదు. మీ డిస్క్‌కు మీరు వేసుకోవడం ఒకటి, ఒరిజినల్ అని చెప్పి అమ్మడం మోసం. నేనైతే లోపలివైపు అంచున సన్నగా 'రీప్రింట్' అని కొడతాను. వద్దన్నవాళ్లకు ప్రింట్ ఇవ్వను, గిరాకీ పోయినా సరే.

12 × 18 అంగుళాల షీటు మీద రెండు డీవీడీ కవర్లు పడతాయి, రేటు షీటుకే కాబట్టి రెండు కలిపి తెచ్చుకోండి. చిరిగిన పాత కవర్‌ను పారేయకుండా, బాగా ఆరబెట్టి కొత్తదాని వెనకే దోపి ఉంచండి. రేపు అమ్మాలనుకుంటే కొనేవాడు అడిగేది దాన్నే.