పాత కారు స్టీరింగ్ పట్టేస్తే లాగకండి, ముందు తుప్పు సంగతి చూడండి

పాత అంబాసిడర్ అయినా, దానికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అయినా, హారన్ బటన్ తీసి మధ్యలో నట్టు విప్పాక స్టీరింగ్ వీల్ ఊడి చేతిలోకి వచ్చేస్తుంది అనుకుంటాం, కానీ చాలాసార్లు అది ఇంచు కూడా కదలదు. అప్పుడు ఇద్దరు పట్టుకుని లాగడం మొదలుపెడతారు, నాకు చాలా బాధేసేది అక్కడే, ఎందుకంటే ఏళ్లకేళ్లు ఎండకి పెళుసెక్కిన ఆ ప్లాస్టిక్ రిమ్ పగిలిపోద్ది, స్పోకులు వంగుతాయి, హబ్, అంటే వీల్ మధ్యలో ఉండే ముద్ద భాగం మాత్రం అలాగే ఉంటుంది.

వీల్‌ని మోసే కడ్డీని షాఫ్ట్ అంటారు, దాని చివర సన్నటి పళ్లు ఉంటాయి, వాటిని స్ప్లైన్స్ అంటారు, హబ్ లోపల వాటికి సరిపడా గాడులు ఉంటాయి. ఆ సందులోకి తేమ చేరితే తుప్పు పడుతుంది. తుప్పు అంటే ఇనుము అరిగిపోవడం అనే అనుకుంటాం కానీ, పోయిన ఇనుము కంటే దాని మీద ఏర్పడే తుప్పు రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, పిల్లర్లలో ఊచలు తుప్పు పట్టి కాంక్రీటు పగిలేది కూడా ఇందుకే. ఇక్కడ పగలడానికి ఏమీ లేదు కాబట్టి రెండు లోహాల్నీ గట్టిగా నొక్కి పట్టేస్తుంది.

అందుకే ముందు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలెయ్యాలి. పల్చటి ఆయిల్ సన్నటి సందులోకి తనంతట తానే పాకుతుంది, తొందరపడితే ఆ పని జరగదు.

తర్వాత పుల్లర్, అంటే హబ్‌ని పట్టుకుని, మధ్యలో బోల్టుతో షాఫ్ట్‌ని నెడుతూ హబ్‌ని బయటికి లాగే పనిముట్టు. దాని 12 మిల్లీమీటర్ల బోల్టుని 20 సెంటీమీటర్ల స్పానర్‌తో, చివర 20 కేజీల బలం పెట్టి తిప్పితే చాలు, మర మహిమ వల్ల దాదాపు టన్నున్నర తోపు వస్తుంది, అదీ రిమ్ మీద కాదు, నేరుగా హబ్ మీద. షాఫ్ట్ మీది నట్టుని మాత్రం పూర్తిగా తియ్యకుండా రెండు మూడు చుట్లు ఉంచండి, లేకపోతే ఠప్పున ఊడి మొహానికి తగులుతుంది.

అప్పటికీ రాకపోతే హబ్‌ని మాత్రమే వేడి చెయ్యాలి. 20 మిల్లీమీటర్ల స్టీలు రంధ్రం 100 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.024 మిల్లీమీటరే, వెంట్రుక మందం కూడా ఉండదు, కానీ తుప్పు పొర చిట్లడానికి చాలాసార్లు అది సరిపోతుంది. హబ్ అల్యూమినియందైతే దాదాపు రెట్టింపు పెరుగుతుంది. అయితే దగ్గర్లో ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి మంట వద్దు, హాట్ ఎయిర్ గన్ వాడండి.

షాఫ్ట్ మీద సుత్తి దెబ్బలు అసలొద్దు. జనరల్ మోటార్స్ 1967 మోడళ్ల నుంచి, గుద్దుకున్నప్పుడు లోపలికి ముడుచుకునే కాలమ్ (షాఫ్ట్ ఉండే గొట్టం) పెట్టింది, అలాంటి వాటిలో ప్లాస్టిక్ పిన్నులు దెబ్బకి విరిగిపోతాయి.

ఊడదీసే ముందే హబ్ మీదా షాఫ్ట్ మీదా మార్కు గీసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు స్ప్లైన్స్‌కి కాస్త గ్రీజు రాయండి.