ఏడు నెలల యువరాజు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇంకా రాజులున్న దేశాల్లో తర్వాతి రాజెవరో ఎవరు తేలుస్తారని మొన్న ఫోన్లో అడిగారు కదా. రాజుగారే అనుకుంటాం. కాదు. స్వీడన్ సంగతి వినండి.

అక్కడ గద్దె ఎవరికి చెందాలో చెప్పే చట్టం 1810 నాటిది. అందులో మగపిల్లలకే చోటు. ఇప్పటి రాజు కార్ల్ 16వ గుస్తాఫ్‌కు నలుగురు అక్కలున్నారు. ఈయన ఐదోవాడు. తొమ్మిది నెలల పసివాడప్పుడే తండ్రి విమాన ప్రమాదంలో పోయాడు. 1973లో తాతగారు కన్నుమూశాక ఈయనే రాజయ్యాడు, అక్కలు లెక్కలోకే రాలేదు. "అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు" అని మీకు కథ చెప్పినప్పుడు కూతుళ్ల మాట నేనూ ఎత్తలేదనుకోండి!

ఈ రాజుకు 1977లో విక్టోరియా పుట్టింది. 1979 మే 13న కార్ల్ ఫిలిప్ పుట్టాడు. పాత చట్టం ఇంకా అమల్లో ఉంది కాబట్టి పుడుతూనే వాడు యువరాజు. అయితే ఆ చట్టాన్ని మార్చే పని అప్పటికే నడుస్తోంది. అక్కడ ఇలాంటి మూల చట్టం ఒక్క ఓటుతో మారదు. పార్లమెంటు ఒకసారి ఒప్పుకోవాలి, ఆపైన ఎన్నికలు జరగాలి, కొత్త సభ మళ్లీ ఒప్పుకోవాలి. ఈ నిదానం నాకు నచ్చుతుంది. కానీ పాపం, ఆ నిదానం మధ్యలోనే పిల్లవాడు పుట్టేశాడు. ఆడైనా మగైనా మొదటి బిడ్డదే గద్దె అన్న నియమం 1980 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఏడు నెలలు దాటిన యువరాజు ఉత్త రాకుమారుడయ్యాడు, రెండేళ్ల అక్క యువరాణి అయింది. పుట్టిన వాడి నుంచి హక్కు లాక్కోవడం రాజుగారికి నచ్చలేదు, ఆ మాట పైకే అన్నారు. అయినా చెల్లలేదు.

ఇంకా షరతులున్నాయి. వారసులు స్వీడన్‌లోనే పెరగాలి, క్రైస్తవంలో ఒక శాఖ అయిన లూథరన్ మతంలో ఉండాలి, ప్రభుత్వం ఒప్పుకున్నాకే పెళ్లి చేసుకోవాలి. విక్టోరియా 2010లో తన వ్యాయామ శిక్షకుడు డేనియల్‌ను పెళ్లాడింది కూడా అలా అనుమతి తీసుకునే. పాత రోజుల్లో ఇది మరీ కఠినం. రాజవంశం కాని అమ్మాయిని చేసుకుంటే వరస నుంచే పోయేవారు. రాజుగారి బాబాయి బెర్టిల్ 1943లో లండన్‌లో లిలియన్‌ను ఇష్టపడ్డాడు. అన్న పోయాక అన్న కొడుకు పసివాడు, వాడికేమైనా అయితే గద్దెకు తానే దిక్కు. అందుకని ఆగాడు. ఆ కుర్రాడు పెరిగి రాజయ్యి ఒప్పుకున్నాక, 1976లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ముప్పై ఏళ్ల పైమాటే!

పట్టాభిషేకాలు మాత్రం అక్కడ ఎప్పుడో మానేశారు. చివరిసారి 1873లో కిరీటం పెట్టుకున్నది రెండో ఆస్కార్.

ఇప్పటి వరసలో విక్టోరియా తర్వాత 2012లో పుట్టిన ఆమె కూతురు ఎస్టెల్, ఆ పిల్ల తర్వాత తమ్ముడు ఆస్కార్, వాళ్లందరి వెనక మేనమామ కార్ల్ ఫిలిప్. విక్టోరియా గద్దెనెక్కిననాడు, 1720లో భర్తకు రాజ్యం అప్పగించి తప్పుకున్న ఉల్‌రికా ఎలియొనోరా తర్వాత సొంత హక్కుతో స్వీడన్‌కు రాణి అయ్యే మొదటి స్త్రీ ఆమే.

ఇట్లు,
మీ అమ్మమ్మ