డబ్బు నడక ఆగినప్పుడు

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఫోన్‌లో మీరు అడిగిన ప్రశ్న నా మనసులోనే ఉండిపోయింది. "దేశానికి కష్టం వస్తే డబ్బు ముద్రించి అందరికీ పంచేయొచ్చు కదా తాతయ్యా?" అన్నారు. అలా చేస్తే ధరలు పెరుగుతాయని ఒక్క ముక్కలో తేల్చేశాను. అది అబద్ధం కాదు గానీ సగం జవాబే. కొన్నిసార్లు ప్రభుత్వాలు, మన రిజర్వ్ బ్యాంకు లాంటి కేంద్ర బ్యాంకులు దాదాపు అలాంటి పనే చేస్తాయి, చేసి కోట్ల మందిని నిలబెడతాయి. ఆ మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

తుపాను వచ్చి పంట కొట్టుకుపోతే, పంట నిజంగానే పోయినట్టు. ఆర్థిక సంక్షోభం అలా ఉండదు. ఫ్యాక్టరీలు ఎక్కడివక్కడే ఉంటాయి. యంత్రాలు పాడవవు. పనివాళ్ల చేతుల్లో నేర్పు నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉంటుంది. అయినా పని దొరకదు. ఆగిపోయేది డబ్బు నడక.

ఒకరి ఖర్చు ఇంకొకరి రాబడి. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఒక కుటుంబం కొత్త సైకిల్ కొనడం వాయిదా వేసుకుందనుకోండి. తెలివైన పనే. లక్ష కుటుంబాలు ఒకే నెలలో అలాగే వాయిదా వేసుకుంటే సైకిళ్ల ఫ్యాక్టరీలో ఉద్యోగాలు పోతాయి. పోగొట్టుకున్నవాళ్లు తమ ఖర్చులు తగ్గించుకుంటారు, దాంతో ఇంకో చోట ఇంకొకరి జీతం ఆగుతుంది. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ జాగ్రత్తపడ్డారు, ఆ జాగ్రత్తే అందరినీ ముంచింది. 1930లలో జాన్ మేనార్డ్ కీన్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త గట్టిగా వాదించింది ఈ విషయం మీదే. అందరూ చెయ్యి ముడుచుకున్నప్పుడు ఎవరో ఒకరు చెయ్యి చాపాలి, ఆ స్తోమత ప్రభుత్వానికే ఉంటుంది అన్నాడాయన.

ఎవరూ చెయ్యి చాపకపోతే ఏమవుతుందో అప్పటికే ప్రపంచం చూస్తోంది. అమెరికాలో 1929లో షేర్ మార్కెట్ కూలిన తర్వాత 1933 చివరికల్లా దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. పని చేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. వాళ్ల కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఈ బ్యాంకులను చాలావరకు వాటి ఖర్మానికి వదిలేసింది. కష్టం అంత ముదరడానికి ఇది పెద్ద కారణమని మిల్టన్ ఫ్రీడ్‌మన్, అన్నా ష్వార్ట్జ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత ఏళ్ల తరబడి లెక్కలు తీసి నిరూపించారు. 2002లో ఫ్రీడ్‌మన్ 90వ పుట్టినరోజు సభలో, అప్పుడు ఫెడరల్ రిజర్వ్ గవర్నర్లలో ఒకరైన బెన్ బెర్నాంకీ లేచి, మీరు చెప్పింది నిజం, తప్పు మాదే, క్షమించండి, మళ్లీ అలా చేయం అన్నారు. ఒక సంస్థ తరఫున డెబ్బై ఏళ్ల నాటి తప్పును అలా ఒప్పుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆరేళ్లకే, 2008లో, మరో పెద్ద సంక్షోభం వచ్చింది. అప్పుడు ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ కుర్చీలో ఉన్నది ఆ బెర్నాంకీయే.

బ్యాంకుల గురించి ఎందుకింత బెంగ అంటే, నేను జీవితంలో ఎక్కువ కాలం బ్యాంకు కౌంటర్ వెనకే కూర్చున్నాను కాబట్టి చెబుతాను. మీరు దాచుకున్న డబ్బు బ్యాంకు పెట్టెలో ఉండదు. చాలా భాగం అప్పుగా బయటికి వెళ్లిపోయి ఎవరి ఇల్లుగానో, ఎవరి వ్యాపారంగానో మారిపోయి ఉంటుంది. అందరూ ఒకే రోజు వచ్చి మా డబ్బు మాకిమ్మంటే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదు. బ్యాంకు పడిపోతుందన్న పుకారు పుడితే చాలు, ఆ భయమే దాన్ని పడగొడుతుంది. అలాంటి వేళ ఏం చేయాలో 1873లోనే వాల్టర్ బాజెట్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు రాసిపెట్టాడు. గట్టి తాకట్టు చూపించగలిగిన వాళ్లకు కేంద్ర బ్యాంకు అడిగినంత అప్పు ఇవ్వాలి, కానీ వడ్డీ ఎక్కువ తీసుకోవాలి. నిజంగా అవసరమున్నవాళ్లే రావాలని ఆ వడ్డీ. "ఆఖరి దిక్కుగా అప్పిచ్చేవాడు" అని కేంద్ర బ్యాంకుకు పేరు అందుకే వచ్చింది.

1933 మార్చి నాకు చాలా ఇష్టమైన కథ. కొత్తగా అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రాగానే దేశంలోని బ్యాంకులన్నీ మూసేయించాడు. ఏ బ్యాంకు గట్టిదో, ఏది కాదో తనిఖీ మొదలైంది. 12వ తేదీ ఆదివారం రాత్రి ఆయన రేడియోలో మామూలు మాటల్లో, బ్యాంకు ఎలా పనిచేస్తుందో, ఎందుకు మూశామో, రేపు తెరిచేవి ఎందుకు క్షేమమో జనానికి వివరించాడు. మర్నాడు బ్యాంకుల ముందు మళ్లీ క్యూలు కట్టారు. ఈసారి డబ్బు తీసుకోవడానికి కాదు, వేయడానికి. ఇళ్లలో దాచుకున్న నగదులో సగానికి పైగా రెండు వారాల్లో బ్యాంకులకు తిరిగొచ్చింది. ఆ ఏడాదే డిపాజిట్లకు ప్రభుత్వ బీమా చట్టం కూడా వచ్చింది. ఇప్పుడు చాలా దేశాల్లో అలాంటి బీమా ఉంది. బ్యాంకు మునిగినా చిన్న మొత్తం దాచుకున్నవాళ్ల డబ్బు పోదు అని తెలిస్తే, పుకారు విని పరిగెత్తాల్సిన పని ఉండదు.

ఇక కేంద్ర బ్యాంకు చేతిలో ఎప్పుడూ ఉండే పనిముట్టు వడ్డీ రేటు. అది తగ్గిస్తే అప్పు చౌక అవుతుంది, ఆగిపోయిన వ్యాపారాలు, కట్టడాలు కదులుతాయి. 2008 డిసెంబర్‌లో ఫెడరల్ రిజర్వ్ తన రేటును దాదాపు సున్నాకు దించేసింది. సున్నా దగ్గరికి వచ్చాక ఇంకెక్కడికి దించుతారు? అప్పుడు వాళ్లు ప్రభుత్వ బాండ్లను, అంటే అప్పు పత్రాలను, ఇళ్ల రుణాల మీద పుట్టిన బాండ్లను మార్కెట్లో కొనడం మొదలుపెట్టారు. మీరు అడిగిన ముద్రణకు దగ్గరగా ఉండేది ఇదే. నోట్లేమీ అచ్చువేయరు. బాండు తీసుకుని, బ్యాంకు ఖాతాలో అంత మొత్తం జమ రాస్తారు. ఆ జమ అంతకుముందు ఎక్కడా లేని డబ్బు. కానీ ఊరికే ఇచ్చింది కాదు, బదులుగా బాండు తీసుకున్నారు. రేపు పరిస్థితి చక్కబడ్డాక ఆ బాండు అమ్మేసి, లేదా గడువు తీరేదాకా ఉంచి, ఆ డబ్బును వెనక్కి లాగేసుకోవచ్చు. పంచేయడానికీ దీనికీ తేడా అదే.

కొన్నిసార్లు డబ్బు బయటికి తీయక్కర్లేదు, మాట చాలు. 2012లో స్పెయిన్, ఇటలీ ప్రభుత్వాలకు అప్పు పుట్టడం కష్టమైంది, చాలా యూరప్ దేశాలు కలిసి వాడుకునే కరెన్సీ యూరో విడిపోతుందని అందరికీ టెన్షన్. జులై 26న యూరోపియన్ కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు మారియో ద్రాగి లండన్‌లో మాట్లాడుతూ, యూరోను కాపాడడానికి మా అధికార పరిధిలో ఏం చేయాల్సి వస్తే అది చేస్తాం, నమ్మండి, అది సరిపోతుంది అన్నారు. తర్వాత ఆ దేశాల బాండ్లు కొనే పథకం ప్రకటించారు. అసలు ఆ పథకాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. వడ్డీలు దిగొచ్చాయి. కొనగలిగినవాడు కొంటానని గట్టిగా అంటే, అమ్ముకుని పారిపోయేవాళ్లు ఆగిపోయారు.

అయితే కేంద్ర బ్యాంకు అప్పు ఇవ్వగలదు, అప్పును చౌక చేయగలదు. జీతం ఆగిన మనిషికి అప్పుతో ఏం పని? రేపు ఎలా తీరుస్తాడు? అతని చేతికి నేరుగా డబ్బు చేరాలి, అది ప్రభుత్వమే చేయాలి, చట్టసభ ఒప్పుకోవాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇది స్పష్టంగా కనిపించింది. అప్పుడు పని ఆగడం ప్రమాదం కాదు, ప్రాణాల కోసం కావాలని ఆపారు. కాబట్టి ఖర్చు పెట్టండి, బయటికి రండి అని ప్రోత్సహించడం కుదరదు. చేయాల్సింది ఉద్యోగికీ సంస్థకూ మధ్య బంధం తెగకుండా చూడడం. ఒకసారి తెగితే మళ్లీ కలవడానికి ఏళ్లు పడుతుంది.

జర్మనీకి దీనికి పాత ఏర్పాటు ఒకటి ఉంది, "కుర్జర్‌బైట్" అంటారు. సంస్థ మనుషులను తీసేయకుండా పని గంటలు తగ్గిస్తుంది, తగ్గిన జీతంలో పెద్ద భాగం ప్రభుత్వం ఇస్తుంది. 2009లో వాళ్ల ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. 2020 ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది ఆ నీడలో ఉన్నారు. బ్రిటన్‌లో అలాంటిది లేకపోతే అప్పటికప్పుడు కట్టారు. ఇంట్లో ఉన్న ఉద్యోగుల జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్ల దాకా ప్రభుత్వమే ఇచ్చింది. అమెరికా మార్చి 27న 2.2 లక్షల కోట్ల డాలర్ల చట్టం చేసి ఇళ్లకు చెక్కులు పంపింది, నిరుద్యోగ భృతి పెంచింది. ఇల్లు తగలబడుతున్నప్పుడు బావి తవ్వినట్టు కాకూడదంటే, జర్మనీలాగా ముందే తవ్వి ఉంచుకోవాలి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఇంత డబ్బు ఊరికే పోదు, లెక్క తర్వాత వస్తుంది. ఫెడరల్ రిజర్వ్ ఆస్తులు, అంటే ఎక్కువగా అది కొన్న బాండ్లు, 2020 మొదట్లో 4 లక్షల కోట్ల డాలర్లు ఉంటే, 2022 నాటికి 9 లక్షల కోట్లకు చేరువయ్యాయి. చేతుల్లో డబ్బు ఉంది, సరుకు రవాణా ఇంకా కుదురుకోలేదు, దానికి తోడు యుక్రెయిన్ యుద్ధం ఇంధనం, ధాన్యం ధరలను పెంచింది. 2022 జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో ధరల పెరుగుదల, 9.1 శాతం. రేట్లను మళ్లీ గబగబా పెంచి, 2023 జులై నాటికి 5.25–5.5 శాతానికి తీసుకెళ్లారు. నేను మీకు ఫోన్‌లో చెప్పిన సగం జవాబు ఇదే. మందు ఆపడంలో ఆలస్యం ఇలా దెబ్బ తీస్తుంది. తొందరపడినా అంతే. 1937లో అమెరికా ఇక కోలుకున్నామనుకుని ఖర్చు తగ్గించింది, బ్యాంకులు పక్కన పెట్టాల్సిన నిల్వలను పెంచింది. దేశం మళ్లీ మాంద్యంలోకి జారిపోయింది.

నాకు బాధ కలిగించే విషయం మాత్రం ఇంకోటి. కేంద్ర బ్యాంకు బాండ్లు కొంటే షేర్ల ధరలు, ఇళ్ల ధరలు పెరుగుతాయి. అవి ఉన్నవాళ్లకు లాభం, లేనివాళ్లకు ఏమీ లేదు. 2008లో అమెరికాలో బ్యాంకులను నిలబెట్టడానికి 70,000 కోట్ల డాలర్ల వరకు అనుమతించారు. అదే సమయంలో అప్పు కట్టలేని లక్షల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. బ్యాంకులను కాపాడకపోతే ఇంకా ఎక్కువమంది నష్టపోయేవారన్నది నేను ఒప్పుకుంటాను. అయినా ఆ ఇళ్లను కూడా అదే వేగంతో కాపాడి ఉండాల్సింది. కష్టానికి కారణం కానివాళ్లు ఎక్కువ కష్టపడ్డారు.

దేశాల మధ్య కూడా ఇంతే. సొంత కరెన్సీలో చౌకగా అప్పు పుట్టే ధనిక దేశాలు ఎంతైనా ఖర్చు పెట్టగలవు. పేద దేశం డాలర్లలో అప్పు చేస్తుంది, భయం మొదలవగానే అప్పులిచ్చేవాళ్లు మొదట వదిలి వెళ్లేది ఆ దేశాన్నే, దాంతో దాని కరెన్సీ పడిపోయి పాత అప్పు ఇంకా బరువవుతుంది. అలాంటి వేళ అది కష్టంలో ఉన్న దేశాలకు అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి తలుపు తట్టాలి, వాళ్ల షరతులకు ఒప్పుకోవాలి. 2021 ఆగస్టులో ఆ నిధి ప్రపంచ దేశాలన్నిటికీ కలిపి 65,000 కోట్ల డాలర్ల విలువైన, అవసరమైతే డాలర్ల లాంటి కరెన్సీగా మార్చుకోగలిగే నిల్వలు సృష్టించి ఇచ్చింది. మంచి పనే. కానీ వాటాలను బట్టి పంచుతారు కాబట్టి సగానికి పైగా వెళ్లింది అంతగా అవసరం లేని ధనిక దేశాలకు.

ప్రభుత్వం చేసిన అప్పు చివరికి ఎవరు తీరుస్తారని కూడా అడిగారు కదా, దాని గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఇందులో ఎక్కడ అర్థం కాలేదో గీత గీసి ఉంచండి.

మీ
తాతయ్య