కౌబాయ్స్ లైన్ మీద ఈ పంచాయితీ ఎప్పటిది?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో కాలేజీ ఆటగాళ్లను టీమ్‌లు రౌండ్లవారీగా, వంతులు వేసుకుని ఎంచుకునే తంతును డ్రాఫ్ట్ అంటారు. 2025 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో డల్లాస్ కౌబాయ్స్ తమకు వచ్చిన 12వ నంబర్ అవకాశాన్ని ఒక గార్డ్ మీద, అంటే ముందువరుసలో (లైన్‌లో) నిలబడి అడ్డుకునేవాడి మీద ఖర్చు పెట్టింది. అతని పేరు టైలర్ బుకర్, అలబామా యూనివర్సిటీ కుర్రాడు. అభిమానులు వెంటనే రెండుగా చీలిపోయారు. పాస్ పట్టే రిసీవర్ కావాలని నెలల తరబడి మొత్తుకుంటుంటే మళ్లీ లైన్‌మన్ ఏమిటని ఒక వర్గం తలపట్టుకుంది. పాత గార్డ్ జాక్ మార్టిన్ రిటైరయ్యాక ఆ చోటు ఖాళీగా ఉంచుతారా అని రెండో వర్గం ఎదురుతిరిగింది. అప్పటికి బుకర్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఈ తగాదా తెలుగువాళ్లకు మరీ దూరపుదేమీ కాదు. కౌబాయ్స్ 1971 నుంచి 2008 దాకా ఆడిన స్టేడియం ఇర్వింగ్‌లో ఉండేది. ఇప్పుడు మ్యాచ్‌లు ఆర్లింగ్టన్‌లో జరుగుతున్నా, టీమ్ హెడ్‌క్వార్టర్స్ మాత్రం 2016 నుంచి ఫ్రిస్కోలో ఉంది. ఇర్వింగ్, ఫ్రిస్కోలలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఆ హెడ్‌క్వార్టర్స్‌లోని ఇండోర్ మైదానంలోనే ఫ్రిస్కో హైస్కూళ్ల టీమ్‌లు కూడా ఆడతాయి. అందుకే పిల్లలు ఇంటికొచ్చి లెఫ్ట్ ట్యాకిల్ గురించి గంటసేపు వాదిస్తుంటే, అసలు వాళ్లెవరి గురించి మాట్లాడుతున్నారో అర్థంకాని తల్లిదండ్రులు అక్కడ చాలామందే ఉంటారు.

ముందు ఆ సంగతి చూద్దాం. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు వరుసగా నిలబడతారు. మధ్యలో సెంటర్, అతనికి చెరోపక్క గార్డులు, ఆ చివరా ఈ చివరా ట్యాకిళ్లు. అవతలివాళ్లను అడ్డుకోవడమే వీళ్ల ఉద్యోగం. మామూలుగా పాస్ పట్టే హక్కు కూడా వీళ్లకు లేదు. ఆ వరుస కొసన ఉండేవాడు టైట్ ఎండ్. ఒకసారి లైన్‌మన్‌లా అడ్డుకుంటాడు, మరోసారి రిసీవర్‌లా పరిగెత్తి పాస్ పడతాడు. క్రికెట్‌లో వికెట్ కీపర్ సంగతి గుర్తు తెచ్చుకోండి. రోజంతా కూర్చుని లేచినదానికి లెక్క ఉండదు, నాలుగు బైలు పోతే మాత్రం అవి స్కోర్‌కార్డుకు ఎక్కుతాయి. లైన్‌మన్ పరిస్థితి అంతే. అతని తప్పుకు సాక్ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను అవతలివాళ్లు పడగొట్టడం) అని, పెనాల్టీ అని పేర్లున్నాయి. అతని ఒప్పుకు ఏ పేరూ లేదు.

కానీ డల్లాస్‌లో ఆ ఒప్పుకు ఒకప్పుడు పేరుంది: గ్రేట్ వాల్ ఆఫ్ డల్లాస్. ఇప్పటి గొడవలన్నిటికీ మూలం అక్కడే.

1992, 1993, 1995 సీజన్లలో కౌబాయ్స్ మూడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఐక్‌మన్, బంతి పట్టుకుని పరిగెత్తే ఎమిట్ స్మిత్, రిసీవర్ మైకేల్ ఇర్విన్ పోస్టర్లకు ఎక్కారు. ఎమిట్ స్మిత్ కెరీర్ మొత్తంలో 18,355 గజాలు పరిగెత్తాడు, ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే. అతనికి దారి తీసినవాళ్లు మార్క్ టుయినెయ్, నేట్ న్యూటన్, మార్క్ స్టెప్నోస్కి, కెవిన్ గోగన్, ఎరిక్ విలియమ్స్. అంతకుముందు దాకా లైన్‌మన్‌ల పేర్లు వాళ్ల ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలిసేవి కావంటే పెద్ద అతిశయోక్తి కాదు. టీవీ వ్యాఖ్యాత జాన్ మాడెన్ న్యూటన్ లాంటి భారీకాయుల్ని తెర మీద గీతలు గీసి మరీ చూపించి, డల్లాస్ జనానికి లైన్ చూడటం అలవాటు చేశాడు.

ఆ గోడ ఎక్కడి ఇటుకలతో కట్టారన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే విషయం. టుయినెయ్, న్యూటన్‌లను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. టుయినెయ్ అయితే డిఫెన్స్ ఆటగాడిగా వచ్చి ఇటువైపు మారాడు. గోగన్ ఎనిమిదో రౌండ్. స్టెప్నోస్కి, విలియమ్స్ మూడో రౌండ్. ఐదుగురిలో ఒక్కడు కూడా మొదటి రౌండ్ వాడు కాదు. 1994లో వచ్చిన లారీ అలెన్ సైతం సొనోమా స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి రెండో రౌండ్‌లో దొరికాడు. ఆ ఏడాది న్యూ ఆర్లీన్స్‌లో కౌబాయ్స్ పాస్‌ను మధ్యలో కొట్టేసి (ఇంటర్‌సెప్షన్) పారిపోతున్న అవతలి లైన్‌బ్యాకర్ వెనకాల 325 పౌండ్ల అలెన్ పరుగు లంకించుకుని పడగొట్టిన క్లిప్ చూడనివాళ్లు ఉంటే ఒకసారి చూడండి. తర్వాత అతను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఆ అదృష్టమే తర్వాత శాపమైంది. 1994లో లీగ్ జీతాల మీద పరిమితి పెట్టింది. బెంచ్ మీద కూడా మంచి ఆటగాళ్లను ఉంచుకునే స్తోమత ఎవరికీ లేకుండా పోయింది. గోగన్ అదే ఏడాది రెయిడర్స్‌కు, స్టెప్నోస్కి మరుసటి ఏడాది హ్యూస్టన్‌కు వెళ్లిపోయారు. గోడ ఒక్కో రాయి ఊడుతున్నా, మంచి లైన్‌మన్ కింది రౌండ్లలో ఎలాగూ దొరుకుతాడన్న నమ్మకం మాత్రం యాజమాన్యంలో పోయినట్టు లేదు. 1981లో హోవర్డ్ రిచర్డ్స్ తర్వాత, 2011 దాకా ముప్పై ఏళ్లపాటు కౌబాయ్స్ మొదటి రౌండ్‌లో ఒక్క అఫెన్సివ్ లైన్‌మన్‌ను కూడా తీసుకోలేదు. 1989లో టీమ్ కొన్న జెర్రీ జోన్స్‌కు అయితే అసలు అదే మొదటిసారి.

2011లో తొమ్మిదో నంబర్ దగ్గర తీసుకున్న టైరన్ స్మిత్‌తో కథ మారింది. 2013 డ్రాఫ్ట్ రాత్రి మాత్రం చెప్పుకోవాల్సిన ఘట్టం. కౌబాయ్స్ చేతిలో 18వ నంబర్ ఉంది. దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చేసి 31వ నంబర్‌కు దిగిపోయి, విస్కాన్సిన్ సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్‌ను తీసుకుంది. 40 గజాలు పరిగెత్తడానికి 5.5 సెకన్లకు పైనే పట్టిన మనిషి. రెండో, మూడో రౌండ్‌లో కూడా దొరికేవాడిని ఇక్కడ తీసుకున్నారని అభిమానులు, నిపుణులు కలిసి ఉతికి ఆరేశారు. సెంటర్ 40 గజాలు ఎప్పుడు పరిగెత్తాలో ఎవరూ అడగలేదు. ఫ్రెడరిక్ ఐదుసార్లు ప్రో బౌల్‌కు, అంటే లీగ్ ఆల్‌స్టార్ జట్టుకు, ఎంపికయ్యాడు. గియాన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు వచ్చి 2018 సీజన్ మొత్తం పోయినా తిరిగొచ్చి ఆడి, 2020లో రిటైరయ్యాడు.

2014లో ఇంకో పరీక్ష. టెక్సస్ అంతా ఊగిపోతున్న క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జెల్ 16వ నంబర్ దగ్గర ఇంకా మిగిలి ఉన్నాడు. జోన్స్‌కు అతని మీద మనసుంది. కొడుకు స్టీఫెన్, మిగతావాళ్లు పట్టుబట్టి జాక్ మార్టిన్ వైపు లాగారు. మాన్జెల్ కెరీర్ లీగ్‌లో రెండు సీజన్లకే ముగిసింది. మార్టిన్ తొమ్మిది ప్రో బౌల్స్‌తో రిటైరయ్యాడు. 2014లోనే కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ డిమార్కో మర్రీ బంతితో 1,845 గజాలు పరిగెత్తాడు, టీమ్ 12 మ్యాచ్‌లు గెలిచింది. నాలుగేళ్లలో ముగ్గురు మొదటి రౌండ్ వాళ్లు: డల్లాస్ జనానికి మళ్లీ గోడ కనిపించింది.

అది లేకపోతే ఏమవుతుందో 2017 నవంబర్‌లో అట్లాంటాలో తెలిసింది. టైరన్ స్మిత్ గాయంతో ఆడలేదు. అతని చోట ఛాజ్ గ్రీన్‌ను పెట్టారు. ఫాల్కన్స్ ఆటగాడు ఏడ్రియన్ క్లేబార్న్ ఒక్కడే ఆరు సాక్‌లు చేశాడు. మధ్యలో గ్రీన్‌ను తీసేసి బైరన్ బెల్‌ను పంపినా ఆగలేదు. మ్యాచ్ 27-7తో పోయింది. లెఫ్ట్ ట్యాకిల్ విలువ ఎంత అని ఎవరైనా అడిగితే కౌబాయ్స్ అభిమాని ఇప్పటికీ ఆ మ్యాచ్ పేరే చెప్తాడు.

ఇక్కడ ఒక మాట. అభిమానులు లైన్‌ను నిజంగా చూసి మాట్లాడటం ఈమధ్యే మొదలైంది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. మైదానంలోని 22 మందినీ పైనుంచి చూపించే కోచ్‌ల వీడియోలను లీగ్ 2012లో కానీ మామూలు జనానికి ఇవ్వలేదు. ఈలోగా ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ అనే సంస్థ ప్రతి ప్లేలో ప్రతి ఆటగాడికీ మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా మార్కులు వేయడం మొదలుపెట్టింది. అప్పటిదాకా అంకెలే లేని లైన్‌మన్‌కు ఆ మార్కుల్ని కలిపి హఠాత్తుగా వందకు ఇన్ని అని ప్రోగ్రెస్ కార్డు వచ్చేసింది. నా ఉద్దేశంలో దీనివల్ల మంచి సగం, చెడు సగం. ఫలానా ప్లేలో ఎవరు ఎవర్ని అడ్డుకోవాలని కోచ్ చెప్పాడో మార్కులు వేసేవాడికి ఖాయంగా తెలియదు. సెంటర్ తప్పు పిలుపుతో గార్డ్ బోల్తా పడొచ్చు. క్వార్టర్‌బ్యాక్ బంతిని మరీ ఎక్కువసేపు పట్టుకుంటే సాక్ ట్యాకిల్ ఖాతాలో పడొచ్చు. అయినా ఆదివారం మ్యాచ్ అయితే సోమవారానికి ఆ అంకె అందరి నోళ్లలో ఉంటుంది.

టైట్ ఎండ్‌ల చరిత్ర దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. లైన్‌లో మొదటి రౌండ్ వాళ్ల మీద పెట్టిన పందెం గెలిస్తే, ఇక్కడ పెద్ద పందేలన్నీ ఓడిపోయాయి. తొంభైల్లో ఐక్‌మన్ కష్టంలో వెతికే మనిషి జే నోవచెక్, ఫీనిక్స్ కార్డినల్స్ వదులుకుంటే 1990లో వచ్చిన టైట్ ఎండ్. అతని తర్వాత 1997లో ఏకంగా మొదటి రౌండ్‌లో, 22వ నంబర్ దగ్గర, డేవిడ్ లఫ్లూర్‌ను తెచ్చారు. నాలుగు సీజన్లలో కథ ముగిసింది. అదే డ్రాఫ్ట్‌లో 13వ నంబర్‌కు కాన్సస్ సిటీకి వెళ్లినవాడు టోనీ గొంజాలెజ్, చరిత్రలోని గొప్ప టైట్ ఎండ్‌లలో ఒకడు.

2003లో మూడో రౌండ్‌లో జేసన్ విట్టెన్ దొరికాడు. 2007లో ఫిలడెల్ఫియా మీద హెల్మెట్ ఊడిపోయినా ఆగకుండా పరిగెత్తిన దృశ్యం ఈ టీమ్ అభిమానుల ఇళ్లలో దేవుడి పటం స్థాయిలో ఉంటుంది. 2012లో ఒక్క సీజన్‌లో 110 పాస్‌లు పట్టాడు, టైట్ ఎండ్‌లలో అప్పటికి అదే రికార్డు. పైగా లైన్‌మన్‌తో సమానంగా బ్లాక్ చేసేవాడు. అంతటివాడు ఉండగా కౌబాయ్స్ 2006లో ఆంథొనీ ఫసానో, 2008లో మార్టెలస్ బెనెట్, 2013లో గావిన్ ఎస్కోబార్ అంటూ రెండో రౌండ్‌లో ముగ్గురు టైట్ ఎండ్‌లను తీసుకుంది. ఇద్దరు టైట్ ఎండ్‌లతో ఆడాలన్న ఆలోచన కాగితం మీద బాగానే ఉంది. ఫసానోను రెండేళ్లకే మయామీకి పంపేశారు. బెనెట్ మొదటి ఏడాది నాలుగు టచ్‌డౌన్‌లు చేసి, తర్వాతి మూడేళ్లలో ఒక్కటీ చేయలేదు. డల్లాస్ వదిలాక షికాగోలో ఒకే సీజన్‌లో 90 పాస్‌లు పట్టి, న్యూ ఇంగ్లండ్‌తో సూపర్ బౌల్ కూడా గెలిచాడు. ఎస్కోబార్ ఇక్కడ నాలుగేళ్లలో పట్టినవి 30. అతన్ని తీసుకున్నది 47వ నంబర్ దగ్గర. ఆ డ్రాఫ్ట్‌లోనే 63వ నంబర్ దగ్గర కాన్సస్ సిటీ తీసుకున్నవాడు ట్రావిస్ కెల్సీ, అతనూ ఆ కోవలోని గొప్ప టైట్ ఎండే. ఇక అభిమాని ఊరుకుంటాడా?

రీకో గాథర్స్ ముచ్చట కూడా ఈ కోవలోదే. బేలర్‌లో బాస్కెట్‌బాల్ ఆడిన ఇతన్ని 2016లో ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. 2017 ఆగస్టు ప్రీసీజన్ మ్యాచ్‌లలో పాస్‌లు పట్టేసరికి జనం వెర్రెత్తిపోయారు. అసలు మ్యాచ్‌లలో బ్లాక్ చేయలేక మిగిలిపోయాడు, 2019కల్లా టీమ్‌లోంచి తీసేశారు. టైట్ ఎండ్‌ను పట్టిన పాస్‌లతో మాత్రమే తూచే అలవాటు అప్పుడైనా తగ్గాల్సింది. తగ్గలేదు.

విట్టెన్ తర్వాత నిలబడ్డ డాల్టన్ షుల్ట్‌జ్, జేక్ ఫెర్గూసన్ ఇద్దరూ నాలుగో రౌండ్ వాళ్లు. ఫెర్గూసన్ 2023లో 71 పాస్‌లు పట్టి, గ్రీన్‌బే చేతిలో ఓడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో మూడు టచ్‌డౌన్‌లు చేశాడు. మరుసటి సీజన్‌లో 59 పట్టినా టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. అయినా 2025లో టీమ్ అతని కాంట్రాక్టు పొడిగించింది. మధ్యలో 2023లో రెండో రౌండ్‌లో మిషిగన్ టైట్ ఎండ్ లూక్ స్కూన్‌మేకర్‌ను తీసుకున్నప్పుడు జనం ఫసానో, బెనెట్, ఎస్కోబార్ పేర్లు వరసగా వల్లించారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల అనుమానానికి ఆధారం ఉందనే అంటాను.

లైన్ విషయంలో మాత్రం డ్రాఫ్ట్ రాత్రి తీర్పులు నిలబడటం తక్కువ. 2022లో తల్సా నుంచి టైలర్ స్మిత్‌ను తెచ్చినప్పుడు అతని హోల్డింగ్ (అవతలివాడిని పట్టుకుని ఆపడం) పెనాల్టీలు లెక్కపెట్టి వద్దన్నవాళ్లే, ఇప్పుడు అతన్ని గార్డ్‌గా ఉంచాలా, ట్యాకిల్‌కు మార్చాలా అని కొట్టుకుంటున్నారు. 2024 మొదటి రౌండ్‌లో వచ్చిన టైలర్ గైటన్ కాలేజీలో ఎక్కువగా కుడివైపు ఆడాడు. డల్లాస్ అతన్ని తెచ్చి, న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లిపోయిన టైరన్ స్మిత్ స్థానంలో ఎడమవైపు నిలబెట్టింది. మొదటి ఏడాది పెనాల్టీలు, తడబాట్లు చూసి పనికిరాడన్నారు. చిన్నప్పటి నుంచీ టైరన్ స్మిత్‌ను చూసిన కళ్లకు ఎవడు ఆనతాడు? కుడివైపు ట్యాకిల్ టెరెన్స్ స్టీల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాడు. 2022 చివర్లో మోకాలు దెబ్బతిన్నా మరుసటి ఏడాది పెద్ద కాంట్రాక్టు వచ్చింది, అప్పటినుంచి తిట్లలో అతని వాటా పెరిగింది. అతనూ, గైటనూ, బుకరూ ఒకే వరుసలో నిలబడుతున్నారు కాబట్టి ఏ సాక్ ఎవరి లెక్కలో వేయాలన్న గొడవ ఇప్పట్లో తెమిలేది కాదు.