ఆకు కొలిచి కొమ్మును అంచనా వేయడం ఎలా మొదలైంది?

పసుపులో అసలు సరుకంతా మట్టిలోనే ఉంటుంది. దుగ్గిరాల, ఆర్మూరు లాంటి తొమ్మిది నెలల రకాలైతే తవ్వేదాకా దిగుబడి తేలదు. అందుకే పరిశోధకులు మొక్క ఎత్తు, పిలకలు, ఆకుల సంఖ్య, ఆకు పొడవు వెడల్పు కొలుస్తూ వచ్చారు, పైనున్నదాన్ని బట్టి కిందున్నది పసిగట్టాలని.

ఇంత అవస్థకు కారణం మొక్క పుట్టుకలోనే ఉంది. సాగులోని పసుపు ఎక్కువగా త్రిగుణితం, అంటే క్రోమోజోములు మూడు వరుసలుగా ఉంటాయి, మొత్తం 63. పూత పూసినా గింజ కట్టడం అరుదు. వరిలోలా రెండు రకాలను కలిపి మూడోదాన్ని పుట్టించడం ఇక్కడ దాదాపు కుదరదు. కొమ్ము నాటితే అదే రకం మళ్లీ వస్తుంది. టేకూరుపేట, మైదుకూరు అంటూ ఊరి పేరే రకం పేరై నిలిచింది కూడా అందుకే. ఇక మిగిలింది ఏరుకోవడమే. కోజికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థలో సువర్ణ, సుగుణ, సుదర్శన రకాలు అలా వచ్చినవే. తమిళనాట ఈరోడ్ రకంపై ఎక్స్-కిరణాలు ప్రయోగించి బీఎస్‌ఆర్-1 తీశారు. అరుదుగా కట్టిన గింజలను మొలకెత్తించి ప్రభ, ప్రతిభలను ఎంపిక చేశారు. నా లెక్కలో పసుపు పరిశోధనలో అన్నిటికన్నా ఓపికతో చేసిన పని అదే.

ఏరాలంటే గుర్తు కావాలి. ఏ లక్షణం దిగుబడిని నేరుగా పెంచుతోంది, ఏది ఇంకోదాని చాటున నడుస్తోంది అని విడదీసే పాత్ విశ్లేషణను 1921లో అమెరికా జన్యు శాస్త్రవేత్త సీవాల్ రైట్ వివరించారు. 1959లో డ్యూయీ, లూ అనే పరిశోధకులు దాన్ని ఒక గడ్డి జాతి విత్తన దిగుబడికి వాడాక పంటల పరిశోధనలో పాకిపోయింది, పసుపు దాకా వచ్చింది. చాలా ప్రయోగాల్లో మొక్క ఎత్తుకూ దుంప బరువుకూ పొంతన కుదిరింది.

అయితే ఎత్తును గుడ్డిగా నమ్మలేం. పెద్ద విత్తన దుంప నాటితే ఏ రకమైనా ఏపుగా లేస్తుంది. నీడ పడినా సాగుతుంది. అది రకం గొప్ప కాదు. పైగా పచ్చి దుంప బరువు రైతు చేతికొచ్చే బరువు కాదు. ఉడకబెట్టి ఎండబెడితే క్వింటాలుకు సుమారు 20 కిలోలే మిగులుతుంది. యార్డులో కొమ్ముకో ధర, కాయకో (గుండ్రటి తల్లి దుంపకో) ధర. దాంతో ఎండు శాతం, పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ కూడా కొలతల్లో చేరాయి. ప్రభ, ప్రతిభల్లో కుర్కుమిన్ ఆరు శాతం పైనే.

ఇప్పుడు పంటకాలమూ అంతే ముఖ్యమైంది. కోజికోడ్ సంస్థ ఇచ్చిన ప్రగతి సుమారు 180 రోజుల్లో తవ్వకానికొస్తుంది. బోరు నీటిపై బతికే నిజామాబాద్, జగిత్యాల రైతుకు మూడు నెలల తడులు మిగిలినట్టే.